మెదక్ గోపురం, కరువు గింజలు: సంఘ జీవితంలో సౌందర్యాన్ని గూర్చిన మన మాటలపై ఒక విమర్శ

2024 డిసెంబరు 25వ తేదీతో మెదక్ మహాదేవాలయ ప్రతిష్ఠకు నూరు సంవత్సరాలు నిండాయి. ఆ సంవత్సరమంతా సికింద్రాబాదు సంఘాలలో, స్త్రీల మైత్రి కూటాలలో, యౌవనస్థుల కూడికలలో ఒకే కథ పలుమార్లు విన్నాను. అడిగినచోట నేనూ చెప్పాను. కథ ఇది. నిజాము రాజ్యంలో కరువు వచ్చింది. పల్లెల్లో జనం ఆకలికి అలమటిస్తున్నారు. చార్లెస్ వాకర్ పోస్నెట్ దొరగారు వారికి తిండి ఊరకే పెట్టక, పని కల్పించి, పనికి తిండి ఇచ్చారు. ఆ పనే పదేండ్లలో ఆలయమయింది. కనుక, అని ప్రసంగీకుడు గొంతు సవరించుకుంటాడు, దేవుడు కరువులోనుండి సౌందర్యాన్ని పుట్టించగలడు, మీ కష్టంలోనుండి కూడా పుట్టిస్తాడు. సంఘం ఆమేన్ అంటుంది.

ఈ "కనుక" మీదనే నాకు సందేహం. ఆలయం అందమైనది, అందులో వివాదం లేదు. కరువు నిజమైనది, అందులోనూ లేదు. ఈ రెంటినీ కలిపే మాట మాత్రం అంత తేలికగా పలికేది కాదని నా అభిప్రాయం. ఆ కథను కొట్టివేయాలని ఈ వ్యాసం వ్రాయడం లేదు. ఆ కథను మనం చెప్పే తీరును వాక్యపు వెలుగులో పరీక్షించి, కష్టకాలంలో సంఘం నడుమ సౌందర్యం, దేవుని సన్నిధి ఎక్కడ వెదకాలో ఆలోచించడమే ఉద్దేశం.

ఆలయాన్ని చదవడం

భవనాన్ని కూడా గ్రంథంలా చదవవచ్చు. పోస్నెట్ 1895లో వెస్లియన్ మెథడిస్టు మిషనరీగా సికింద్రాబాదుకు వచ్చి, తరువాత మెదక్‌ను తన సేవకు కేంద్రం చేసుకున్నాడు. ఆలయ నిర్మాణం 1914లో మొదలై 1924 క్రిస్మస్ నాటికి ముగిసింది. వెడల్పు 100 అడుగులు, పొడవు 200 అడుగులు, గోపురం ఎత్తు 175 అడుగులు. ఒకేసారి 5,000 మంది కూర్చోవచ్చునని చెబుతారు. శైలి గోథిక్. స్థానికంగా దొరికే రాయి, మన కూలీల చేతులు, ఇంగ్లండు నుండి తెప్పించిన నేల పలకలు. గైడులు కొలతలు చెప్పి, వాటికన్ పేరు కూడా ఎత్తుతారు. కొలతలతో నాకు తగవు లేదు. కాని టేపు పట్టి సౌందర్యాన్ని కొలవడం మన సంఘాలకు ఎప్పుడు అలవాటయిందో నాకు తెలియదు.

కిటికీల దగ్గర కొంచెం ఆగాలి. లండను చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ రూపొందించిన మూడు రంగుటద్దాల కిటికీలు ఉన్నాయి. మొదట, 1927లో, ఎదురుగా కనబడే ఆరోహణ దృశ్యం వచ్చింది. దక్షిణ ఇండియా సంఘం ఏర్పడిన 1947లో ఒక ప్రక్కన జనన దృశ్యం. రెండవ ప్రక్కన సిలువ దృశ్యం 1958లో గాని రాలేదు. అనగా, ప్రతిష్ఠ జరిగిన తరువాత ముప్పది నాలుగు సంవత్సరాలు ఈ సంఘం మహిమపరచబడిన క్రీస్తును చూస్తూ ఆరాధించింది గాని, శ్రమపడిన క్రీస్తు ఆ అద్దాలలో లేడు. దీనికి కారణం చందాలో, యుద్ధాలో, చిత్రకారుని వీలో కావచ్చును. ఎవరూ కావాలని చేశారని నేను అనను. కాని ఆ వరుస మన ప్రసంగాల వరుసకు అద్దం పట్టినట్లుంది. మనమూ మహిమను ముందు బిగించి, సిలువకు చోటు తరువాత చూద్దామంటాము.

ఇంకొక మాట. రంగుటద్దం బయటినుండి చూస్తే నల్లగా ఉంటుంది. ఎండ బయట ఉండాలి, మనిషి లోపల ఉండాలి, అప్పుడే రంగులు పలుకుతాయి. బయట ఎండలో నిలబడి రాయి మోసినవానికి ఆ కిటికీ ఎలా కనబడి ఉంటుంది? ఈ ప్రశ్న నా బుర్రలో పుట్టింది కాదు. దాదాపు ముప్పది ఏండ్ల క్రితం ఒక ముసలమ్మ నాతో అన్న మాటలనుండి పుట్టింది. ఆమె సంగతి తరువాత చెబుతాను.

ఎవరు కర్త?

మనం చెప్పే కథలో వాక్యాలను గమనించండి. దొరగారు చూశారు, దొరగారు తలచారు, దొరగారు కట్టించారు. జనం ఆకలిగొన్నారు, తిన్నారు, కృతజ్ఞులయ్యారు. కర్త ఒక్కడే. మిగిలినవారు ఆకలికీ అన్నానికీ మధ్య నిలిచిన మూగ సమూహం. పోస్నెట్ భక్తిని, కష్టాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. అయినా మెదక్ ప్రాంతపు తొలి విశ్వాసులలో ఎక్కువమంది మాల, మాదిగ వాడలవారు. చదువుకున్నవారు తక్కువ. వారి పక్షపు కథ వ్రాతలోనికి ఎక్కలేదు. నూరేండ్ల పండుగకు కూడా ఎక్కలేదనే నా బాధ.

ఇక్కడ జాషువ గుర్తుకు రాక మానడు. 1941లో వెలువడిన గబ్బిలంలో ఆకలిగొన్న దళితుడు గబ్బిలం ద్వారా కాశీ విశ్వనాథునికి సందేశం పంపుకుంటాడు. తనకు ప్రవేశం లేని గుడిలో గబ్బిలానికి ప్రవేశం ఉంది గనుక. రాతి బొమ్మల పెండ్లికి వేలు ఖర్చుచేసే దేశం పేదవాని విస్తరిలో మెతుకు వేయదేమని ఆ కావ్యం నిలదీస్తుంది. మన సేవకులు ఈ పద్యాలను మెచ్చుకుంటూ ఉదాహరిస్తారు. ఎదుటి మతాన్ని అడిగిన ప్రశ్న గనుక మనకు సంతోషం. కాని అదే ప్రశ్న మెదక్ మెట్ల దగ్గర అడిగితే ఏమి జవాబు చెబుతాం? గోపురం వెలలో ఎన్ని విస్తళ్లు?

జవాబు ఒకటి సిద్ధంగా ఉంటుంది: ఆ గోపురమే విస్తరి, కట్టినందుకే తిన్నారు. ఇది పూర్తిగా తోసివేయదగిన జవాబు కాదు. తెలంగాణ పల్లెలలో అప్పటి పద్ధతి వెట్టి. దేశముఖులకు, ఊరి అధికారులకు మాల మాదిగలు కూలి లేకుండా పని చేయాలి. బరువులు మోయాలి, కబురు పట్టుకొని పరుగెత్తాలి, తోలు పని చేసి పెట్టాలి. అటువంటి చోట చేసిన పనికి కొలిచి గింజలు ఇవ్వడమే ఒక సువార్త. వెట్టిని చూడనివారికి ఈ సంగతి అర్థం కాదు. మరొకటి కూడా న్యాయంగా చెప్పాలి. అదే మిషను అదే పదేండ్లలో, 1915లో, నిజామాబాదు దగ్గర డిచ్‌పల్లిలో కుష్ఠు రోగుల ఆసుపత్రిని తెరిచింది. ఇసబెల్ కెర్ అనే వైద్యురాలు, విరాళమిచ్చిన రాజా నర్సాగౌడ్ దానికి మూలం. ఊరవతలకు నెట్టబడినవారు అక్కడ ఒక సమాజంగా జీవించారు. కాబట్టి ధనమంతా రాతికే పోసి రోగిని మరచారని అనడం అన్యాయం. నూరేండ్ల పండుగలో డిచ్‌పల్లిని ఒక్కసారి అయినా తలచుకున్న ప్రసంగం మాత్రం నేను వినలేదు. అక్కడ 175 అడుగుల గోపురం లేదు కదా.

పీతోమా, గుడారమా?

బైబిలులో కష్టజనులు కట్టిన కట్టడాలు రెండు రకాలు. నిర్గమకాండము మొదటి అధ్యాయంలో ఇశ్రాయేలీయులు ఫరోకు పీతోము, రామసేసు అనే ధాన్యాదుల పట్టణాలు కట్టారు. అక్కడ మన తెలుగు బైబిలు వాడిన మాట "వెట్టి". సొలొమోను ఆలయానికి ముప్పది వేలమందిని వంతులవారీగా లెబానోనుకు పంపినచోట కూడా (1 రాజులు 5) ఆ మాటే. మన అనువాదకులు తెలిసి వాడారో తెలియక వాడారో గాని, తెలంగాణ పల్లె విశ్వాసికి ఇది ప్రాచీన పదం కాదు, నిన్నటి సంగతి. దేవుని ఆలయమైనా వెట్టితో కట్టవచ్చునన్నది లేఖనమే దాచకుండా చెప్పింది. సొలొమోను కుమారుని కాలంలో రాజ్యం చీలడానికి ఆ బరువే కారణమయిందని కూడా చెప్పింది.

ఇంకొకటి అరణ్యంలోని ప్రత్యక్ష గుడారం. కట్టినవారు అదే జనం. ఇటుకలు చేసిన చేతులే. నివాసం లేదు, పంట లేదు, రోజుకు సరిపడే మన్నా తప్ప నిలవ లేదు. అయినా బెసలేలు, అహోలీయాబు చేతుల మీదుగా నీల ధూమ్ర రక్తవర్ణాలు, దానిమ్మపండ్లు, బాదంపువ్వులు వచ్చాయి. తేడా ఏమిటి? నిర్గమకాండము 36లో జనులు ఉదయం ఉదయం తెచ్చి పడవేస్తుంటే, ఇక చాలు, తేవద్దని మోషే పాళెములో చాటించవలసి వచ్చింది. ఇక చాలు అన్న ప్రకటన ఫరో పట్టణంలో వినబడదు. మన నిర్మాణ కమిటీలలో కూడా నేను ఇంతవరకు వినలేదు.

మెదక్ ఈ రెంటిలో ఏది? పీతోము కాదు. బలవంతం ఉన్నదని చెప్పడానికి ఆధారం లేదు. కాని గుడారం కూడా కాదు. ఆకలిగొన్నవాడు కూలికి వచ్చినప్పుడు దానిని స్వేచ్ఛార్పణ అనడం కష్టం. దానికి దగ్గరి పోలిక ఆదికాండము 47 అని నాకు తోస్తుంది. కరువులో యోసేపు ధాన్యం అమ్మాడు. మొదట జనుల రూకలు పోయాయి, తరువాత పశువులు, తరువాత భూములు, చివరకు వారే ఫరోకు దాసులమవుతామన్నారు. ఇరవై ఒకటో వచనంలో హెబ్రీ మూలం యోసేపు జనులను ఊళ్లకు తరలించాడని అంటే, గ్రీకు పాఠం దాసులుగా చేశాడని అంటుంది. ఏ పాఠాన్ని తీసుకున్నా ఆ తరువాతి మాట మారదు. నీవు మమ్మును బ్రదికించావని జనం యోసేపుకు కృతజ్ఞత చెప్పారు. ఆ కృతజ్ఞత నిజమైనదే. ఆ తరువాత వచ్చిన దాస్యమూ నిజమైనదే. ఆకలి తీరినవాని కృతజ్ఞతను సాక్ష్యంగా చూపి మనం చేసిన ఏర్పాటు దైవికమని నిరూపించలేము. యోసేపును పొగిడే మన ప్రసంగాలలో ఈ అధ్యాయం ఎందుకు రాదో నాకు ఆశ్చర్యం. నలుబది ఐదు దగ్గర కన్నీళ్లతో ముగించి యాబదికి దూకుతాము.

మెదక్‌ను ఐగుప్తు అనడం లేదు. అక్కడ ఎవరి భూమీ ఎవరూ వ్రాయించుకోలేదు. పోలికలో ఒక్క అంశం మాత్రమే తీసుకుంటున్నాను. అన్నం పెట్టిన చేయి, అన్నం తిన్న చేయి ఒకే ఎత్తులో లేవు. ఆ ఎత్తు తేడాను ఒప్పుకోకుండా సౌందర్యం గూర్చి మాట్లాడితే, మనం చూస్తున్నది దేవుని సన్నిధో, దాత నీడో తెలియకుండా పోతుంది.

ఒక మాట పోయిన చోటు

మన తెలుగు బైబిలులో సౌందర్యానికి చోటు తక్కువ కావడానికి కొంత కారణం అనువాదంలోనే ఉంది. మార్కు 14లో అత్తరు బుడ్డి పగులగొట్టిన స్త్రీని గూర్చి యేసు వాడిన గ్రీకు మాట కలోన్. మంచిది అనీ అర్థం, అందమైనది అనీ అర్థం. మనకు "మంచి కార్యము" అని వచ్చింది. యోహాను 10లోని కాపరి కూడా కలోస్. మంచి కాపరి, సుందరుడైన కాపరి. ఆదికాండము మొదటి అధ్యాయంలో దేవుడు చూచి మంచిదన్నచోట గ్రీకు పాత నిబంధన ఇదే పదం వాడింది. తెలుగులో మంచి నిలిచింది, అందం జారిపోయింది. కీర్తన 27లో దావీదు చూడగోరిన యెహోవా నోఅం అనగా మాధుర్యం, సొబగు. అది మనకు "ప్రసన్నత" అయింది. చక్కటి మాటే గాని కంటికంటే మనసుకు చెందిన మాట. "సొగసు" అన్న పదం తెలుగు విశ్వాసికి కంఠస్థమైన చోటు ఒకటుంది, యెషయా 53. అక్కడ అది లేదని చెప్పడానికి వాడబడింది.

అనువాదకులను తప్పుపట్టడానికి ఇది వ్రాయలేదు. యెషయా 61లో హెబ్రీలో ఏఫెర్, పెఏర్ అనే రెండు మాటల శ్లేష ఉంది. అక్షరాలు తారుమారైతే బూడిద తలపాగా అవుతుంది. తెలుగులో "బూడిదె", "పూదండ" అని పెట్టినవారి చెవి ఎంత చక్కనిదో చూడండి. నా మాట ఏమంటే, సౌందర్యానికి మన దగ్గర వాడుకలో ఉన్న దైవశాస్త్ర పదం లేకపోవడం వలన ఆ ఖాళీని కొలతలతో నింపుకున్నాము. పెద్దది, ఎత్తయినది, ఆసియాలో ఇన్నవది.

మార్కు చేసిన కూర్పు

ఇప్పుడు మార్కు 12 చివరనుండి 14 మొదటి భాగం వరకు ఆపకుండా చదవమని పాఠకులను కోరుతున్నాను. అధ్యాయ విభజన తరువాతి కాలంలో వచ్చినది గనుక దానిని ప్రక్కన పెట్టండి. మొదట, విధవరాండ్ర ఇండ్లు దిగమింగే శాస్త్రులను గూర్చిన హెచ్చరిక. వెంటనే ఒక విధవరాలు తన జీవనమంతయు, రెండు కాసులు, కానుకపెట్టెలో వేయడం. వెంటనే ఒక శిష్యుడు ఆలయపు రాళ్లను, కట్టడాలను చూపి ఆశ్చర్యపడడం. రాయి మీద రాయి నిలువదని ప్రభువు జవాబు. తరువాత అంత్యదినాల బోధ. ఆ తరువాత బేతనియలో కుష్ఠరోగియైన సీమోను ఇంట, మున్నూరు దేనారములకంటె ఎక్కువ వెలగల అత్తరు, బీదలకివ్వవచ్చునన్న సణుగుడు, కలోన్ అన్న మెప్పు.

మనం విధవరాలి కానుకను విడిగా తీసి చందాల ప్రసంగం చేస్తాము. ముందున్న దిగమింగే శాస్త్రులను, వెనుక కూలిపోయే రాళ్లను వదిలివేస్తాము. విధవరాలిని ప్రభువు మెచ్చుకున్నాడు, సరే. ఆమె రెండు కాసులు పుచ్చుకున్న ఏర్పాటును మెచ్చుకున్నాడని ఎక్కడుంది? రాళ్లను అందంగా చూసిన శిష్యునికి కూలిపోయే వార్త చెప్పినవాడు, రోగి ఇంట పగిలిన బుడ్డిలో అందాన్ని చూపాడు. బీదలను మరచాడా? లేదు. బీదలు ఎల్లప్పుడును మీతోకూడ ఉన్నారన్నాడు గాని, బీదల పేరు చెప్పి ఆమెను తొందరపెట్టవద్దన్నాడు. ఆ అత్తరు ఆమెది. ఆమె చేతిలోనిది, ఎవరూ అడగనిది. అందుకే అది అందమయింది.

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. చాలాకాలం క్రితం నేను సేవచేసిన ఒక సంఘంలో నేలకు గ్రానైటు వేయిస్తున్నాము. చందాల కోసం నేను మార్కు 12 ప్రసంగించాను. తరువాతి ఆదివారాలలో వాగ్దానం చేసినవారి పేర్లు, మొత్తాలు వేదికమీదనుండి చదివాను. చెల్లించినవి ఒక జాబితా, చెల్లించనివి ఒక జాబితా. మారేడుపల్లి ఇండ్లలో అంట్లు తోమే ఒక విధవరాలు రెండు నెలలు ఆరాధనకు రాలేదు. జబ్బేమోననుకొని చూడబోతే, "వెయ్యి రూపాయలు బాకీ ఉన్నా గద అయ్యగారు, ఎట్ల రావాలె" అన్నది. గ్రానైటు ఇప్పటికీ మెరుస్తూ ఉంది. ఆ సంఘానికి అతిథిగా వెళ్లినప్పుడెల్లా నాకు కాళ్ల కింద ఆమె కనబడుతుంది.

డోర్నకలుతో పోల్చితే

మెదక్‌ను డోర్నకలుతో పోల్చడం మన సెమినరీలలో మామూలే, కాని శైలి దగ్గర ఆగిపోతాము. మెదక్ గోథిక్, డోర్నకలు దేశీయం అంటాము. అది నిజం. 1912లో అభిషేకం పొంది ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్పు అయిన వి.ఎస్. అజరయ్య ఆధ్వర్యంలో కట్టిన ఎపిఫనీ ఆలయం 1939 జనవరి 6న ప్రతిష్ఠింపబడింది. గుమ్మటాలు మసీదును, స్తంభాలు గుడి మంటపాన్ని గుర్తుచేస్తాయి. రాతిలో తామర, అరటిపువ్వు, ఉమ్మెత్తపువ్వు చెక్కారు. ఉమ్మెత్త విషపు పువ్వు, మరణానికి గుర్తు. ఆలయంలో ఉమ్మెత్తను చెక్కనిచ్చిన మనస్సు నాకు నచ్చుతుంది. మెదక్‌లో ముప్పది నాలుగేండ్లు ఆలస్యమయిన సిలువ కిటికీ చేయవలసిన పని ఇక్కడ ఊరి దిబ్బ మీద పూసే పువ్వు చేసింది.

అయితే శైలికంటె ముఖ్యమైన తేడా గింజలు నడచిన దిక్కులో ఉంది. మన కథ ప్రకారం మెదక్‌లో గింజలు మిషను నుండి జనానికి వచ్చాయి. డోర్నకలు అధ్యక్ష మండలంలో గింజలు జనం నుండి సంఘానికి వెళ్లాయి. అన్నం వండేముందు స్త్రీలు పిడికెడు బియ్యం తీసి వేరే కుండలో వేసే అలవాటును అక్కడ బాగా పెంచారు. పేదవాడు పుచ్చుకునేవాడే కాదు, ఇచ్చేవాడు కూడా అని అజరయ్య పట్టుపట్టాడు. దానిలో ఒక గౌరవం ఉంది. చేయి ఎత్తు మారుతుంది.

డోర్నకలు వారిని ఆకాశానికెత్తి మెదక్ వారిని దించుతున్నాననుకోవద్దు. పిడికెడు బియ్యం కూడా ఒక పూట పిల్లవాని కంచంలోనుండి పోవచ్చును. ఎవరు ఎంత వేశారో పాదిరిగారి దస్త్రంలో వ్రాస్తే అదీ రెండు జాబితాల పనే అవుతుంది. నేనే సాక్షిని. గింజ ఎటు నడిచిందన్నది మొదటి ప్రశ్న. ఇక చాలు అనడానికి ఇచ్చేవానికి వీలుందా, పుచ్చుకునేవానికి ధైర్యముందా అన్నది రెండవది. రెండవ ప్రశ్నకు ఏ శైలి ఆలయమూ జవాబు చెప్పదు.

డోర్నకలు ప్రతిష్ఠ జరిగిన 1939లోనే జర్మనీలో బోన్‌హోఫర్ గ్రంథం, క్రైస్తవ సమాజ జీవితాన్ని గూర్చినది, వెలువడింది. గెస్టపో మూయించిన సెమినరీ అనుభవంనుండి వ్రాసినది. సంఘాన్ని గూర్చిన తన కలను సంఘం కంటె ఎక్కువగా ప్రేమించేవాడు, ఎంత మంచివాడైనా, సంఘాన్ని చెరుపుతాడన్నది అందులోని గట్టి హెచ్చరిక. బి.డి. చదివే రోజుల్లో ఇది పరీక్ష కోసం చదివాను. గ్రానైటు తరువాత మళ్లీ చదివాను.

సాక్ష్యాల తొందర

ఇదే జబ్బు మన సాక్ష్యాలలోనూ ఉంది. క్లుప్తంగా చెబుతాను. 2020లో లాక్‌డౌను పడినప్పుడు, ఏప్రిలు 12న ఈస్టరు ఆరాధన ఖాళీ ఆలయాలలో జరిగింది. ఆ తరువాతి నెలల్లో సమాధుల దొడ్డిలో నలుగురితో నిలబడి ప్రార్థన చేసిన సేవకులు ఈ పుట చదువుతున్నవారిలో చాలామంది ఉంటారు. ఆలయాలు తెరుచుకున్న మొదటి నెలలోనే సాక్ష్యాలు మొదలయ్యాయి: దీనిలోనుండి దేవుడు మేలు చేశాడు, కుటుంబ ప్రార్థన పెరిగింది, ఆన్‌లైన్ సేవ వచ్చింది. భర్తను పోగొట్టుకున్న స్త్రీ మూడవ బెంచీలో కూర్చొని ఉండగానే ఈ మాటలు చెప్పాము. విలాపవాక్యములు అయిదు అధ్యాయాలు ఉన్నాయి. చివరి అధ్యాయం జవాబు లేకుండా, ప్రశ్నతో, భయంతో ఆగిపోతుంది. దానిని కాననులో ఉంచిన పెద్దలు తొందరపడలేదు. సౌందర్యం ఉందని చెప్పే హక్కు మొదట కష్టపడినవానిది. అతడు చెప్పేవరకు సేవకుడు ప్రక్కన కూర్చోవడమే సేవ.

ఈ మాట విని ఒక తోటి సేవకుడు, అయితే ప్రసంగంలో నిరీక్షణ చెప్పవద్దంటావా అని అడిగారు. చెప్పాలి. కాని నిరీక్షణ రాబోయేదానిని గూర్చినది. జరిగిపోయిన నష్టానికి వేసే రంగు కాదు. పౌలు రోమా 8లో సృష్టియావత్తు మూలుగుచున్నదన్న చోటనే నిరీక్షణ అన్నాడు. ఆ మూలుగును ఆత్మ కూడా పంచుకుంటున్నాడన్నాడు గాని, ఆపించాడనలేదు.

మోసినవారి మాట

ఇక ఆ ముసలమ్మ సంగతి. నేను బి.డి. ముగించి సేవలో చేరిన కొత్తలో, క్రిస్మస్ మరుసటి రోజులలో మా సంఘంవారు బస్సు మాట్లాడుకొని మెదక్ వెళ్లేవారు. ఆమె అప్పటికే డెబ్బది దాటిన మనిషి. పుట్టింది మెదక్ దగ్గరి పల్లె, ఉంటున్నది కొడుకు దగ్గర సికింద్రాబాదులో. గుడి లోపలికి రావడానికి ఆమెకు తొందర లేదు. బయట గోడ వెంబడి నడిచి, ఒక రాయిమీద చేయి పెట్టి, "గిది మా నాయిన మోసిన రాయి అయ్యగారు" అన్నది.

నేను కరువు పని సంగతి, దొరగారి దయ సంగతి ఎత్తాను. ఆమె విన్నది. తరువాత తన నాయినమ్మ సంగతి చెప్పింది. కూలి గింజలు ఇంటికి వస్తే, ఆ నాయినమ్మ పొయ్యి ముట్టించకముందే ఒక సోలెడు కొలిచి, వాడలో పనికి పోలేని ఇంటికి పంపేదట. ఆ ఇంట్లో మనిషి కాళ్లు పడిపోయి మంచంలో ఉన్నాడు, రాయి మోయలేడు, మోయనివానికి గింజలు లేవు. "మోసినోనికే బువ్వ అన్నది దొరగారి లెక్క. గది మా నాయినమ్మకు తెల్వదు" అని నవ్వింది. ఆ నవ్వులో నిష్ఠూరం ఉందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు.

పనికి తిండి అనే ఏర్పాటు ఎంత దయగలదైనా, దానికి ఒక అంచు ఉంది. ఆ అంచు అవతల మంచంలో ఉన్న మనిషి ఉన్నాడు. అక్కడికి సోలెడు గింజలు పట్టుకుపోయిన పిల్ల చేతిలో నాకు మార్కు 14 కనబడింది. ఎవరూ అడగనిది, జాబితాలో లేనిది, తనకే చాలనిది. ఆలయ చరిత్ర వ్రాసేవారు గోపురం దగ్గర మొదలుపెట్టక ఆ సోల దగ్గర మొదలుపెడితే, పోస్నెట్ గౌరవానికి లోటు రాదు, కథకు కర్తలు పెరుగుతారు. ఇటువంటి కుటుంబాల జ్ఞాపకాలను సేకరించే పని మన సెమినరీ విద్యార్థులు ఇప్పుడైనా చేపట్టాలి. మోసినవారి పిల్లలు పోయారు. మనుమలు, మునిమనుమలు ఉన్నారు, మన బెంచీలమీదనే కూర్చుంటున్నారు.

మరుసటి సంవత్సరం కూడా బస్సులో ఆమె వచ్చింది. మళ్లీ గోడ వెంబడి నడిచి, ఈసారి తూర్పు మూల దగ్గర వేరొక రాయిమీద చేయి పెట్టింది. కుర్రతనం కొద్దీ నేను ఊరుకోలేక, "అవ్వా, పోయినేడు ఆ పక్క రాయి చూపినవు గద" అన్నాను.

"ఏదైతేంది అయ్యగారు," అన్నది, చేయి తీయకుండానే, "మోసినోడు ఒక్క రాయే మోసిండా?"